పాట పక్కకు జరిగిన రోజు

కిందటి నెల ఒక రోజు పొద్దున్నే మా ల్యాబులో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒంటికాలి మీద గెంతుతూ కనిపించింది. తల ఎడమవైపు వంచి అరచేత్తో చెవి మీద తట్టుకుంటోంది. ఏమైందని అడిగితే, నిద్ర లేచినప్పటి నుంచి ఆ చెవి మూసుకుపోయినట్టుందట. ముందురోజు ఈతకు వెళ్ళినప్పుడు నీళ్ళు పోయి ఉంటాయట. "వాటర్ ఓన్లీ లా, రేపటికి పోతుంది" అంది, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి యాసలో.

నేను తన ఫోనులో ఏదో పాట పెట్టి ముందు కుడిచెవి దగ్గర ఉంచాను. తర్వాత ఎడమచెవి దగ్గర ఉంచి, తన మొహం చూసి, బ్యాగు తీసుకోమన్నాను. దారంతా విసుక్కుంటూనే నాతో ఆసుపత్రికి వచ్చింది. నీళ్ళు కావు, చెవి నరం దెబ్బతింది అన్నారు. ఆ రోజే మందులు మొదలుపెట్టారు. నిన్న రెండోసారి పరీక్ష చేస్తే వినికిడి చాలావరకు తిరిగొచ్చిందట. నేను ఊపిరి పీల్చుకున్నాను.

నీకెలా తెలిసింది అని అడిగింది.

"నేను అద్దెకున్న ఇంట్లో ఒక అంకుల్ ఉండేవారు."

"డాక్టరా?"

"కాదు. ఇంట్లో కూర్చుని పాటలు వినేవారు" అన్నాను. అన్నాక అది పూర్తిగా నిజం కాదనిపించి, "కొలిచేవారు" అని దిద్దుకున్నాను. తనకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఆయన గురించి మొత్తం చెప్పాలి.

జురాంగ్ ఈస్ట్‌లో వాళ్ళ ఫ్లాటులో ఒక గది ఖాళీగా ఉందని తెలిసి, చూడ్డానికి వెళ్ళాను. నేను అప్పుడే ఈ దేశానికి వచ్చి పరిశోధనలో చేరిన రోజులవి. తలుపు తీసింది ఆయనే. పలచటి మనిషి, తెల్ల బనీను, మెడలో తాడుకు వేలాడుతున్న కళ్ళజోడు. నన్ను గది గుమ్మంలోనే ఆగమని సైగ చేసి, తాను గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టారు. తల ఓరగా పెట్టి, ఆ చప్పుడు పూర్తిగా చచ్చిపోయేదాకా విన్నారు. నేను వెనక్కి ఒక అడుగు వేసిన మాట నిజం.

"మంచి గదమ్మాయ్. గొంతు గింగురుమనదు. మీ అమ్మగారితో ఫోన్లో మాట్లాడితే ఆవిడకి నీ మాట తేటగా వినపడుద్ది" అన్నారు.

వంటింట్లోంచి ఆయన భార్య కేకేశారు. "ఆ అమ్మాయికి కిటికీ చూపించండి, ఫ్యాను చూపించండి. చప్పట్లేంటి వచ్చీరాగానే?"

ఆవిడ గొంతు విన్నాక నా భయం పోయింది. ఆ గదిలోనే చేరాను.

ఆ చప్పట్లు ఆయనకు నమస్కారం లాంటివి. ఏ కొత్త చోటికి వెళ్ళినా ముందు అదే. గుడి హాల్లో, దంతవైద్యుడి గదిలో, ఎవరో కొత్తగా కొన్న కాండో ఫ్లాటులో. ఒక పెళ్ళి విందులో అలాగే కొడితే, వధూవరులు వచ్చేశారనుకుని చుట్టుపక్కల బల్లల వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు అందుకున్నారు. ఆంటీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం "హాలు బాలేదు, మైకులో ఒక్క ముక్క అర్థం కాదు చూడు" అన్నారు. అలాగే జరిగింది కూడా.

గుడివాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పడమటివైపు ఫ్యాక్టరీల్లో యంత్రాల చప్పుడు కొలిచి, అది పనివాళ్ళ చెవులకు హాని చేసేంతగా ఉందో లేదో చెప్పడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కొలవడానికి ఫ్యాక్టరీలు లేవు కాబట్టి హాలు కొలవడం మొదలుపెట్టారు.

ఆ హాల్లో టీవీ ఉండేది కాదు. నా నడుమెత్తు స్పీకర్లు రెండు, వాటికి ఎదురుగా ఒకే ఒక కుర్చీ. గోడలకు బొంతలు వేలాడేవి, మూలల్లో పరుపుల చుట్టలు నిలబడి ఉండేవి. ఇక్కడి ఉక్కపోతకు ఆ బొంతలు ముక్కవాసన కొడుతుంటే ఆంటీ వారం వారం వాటిని దించి ఎండబెట్టేవారు. ఎండబెట్టినంతసేపూ ఆయన స్పీకర్లు ముట్టుకునేవారు కాదు. గోడలు బోసిగా ఉంటే శబ్దం చెడిపోతుందట.

కుర్చీలో మనిషి చెవి ఉండే ఎత్తులో, ఒక కర్రకు పెన్సిలంత మైకు బిగించి, ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కేవారు. స్పీకర్లోంచి ఒక కూత వచ్చేది. గేదె మూలుగులా మొదలై, పైకి పైకి సాగి, చివరికి దోమ రొదలా సన్నగా అయిపోయేది. బయట చెట్టు మీద కోకిల వెంటనే బదులు పలికేది. తెర మీద ఒక వంకర గీత వచ్చేది. ఆ గీత చదునుగా ఉండాలి. అదే ఆయన తపస్సు. మూలనున్న పరుపు కాస్త జరిపేవారు, మళ్ళీ కూత, మళ్ళీ కోకిల, మళ్ళీ గీత.

తర్వాత పాట పెట్టేవారు. ఎప్పుడూ ఒకే పాట. ఒకావిడ గొంతు, పక్కన ఒక వీణ, అంతే. ఆవిడ గొంతు రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యలో, ఏమీ లేని చోటి నుంచి వచ్చేది. నన్ను మొదటిసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు, అక్కడ మూడో స్పీకరు దాచారేమోనని లేచి వెళ్ళి చూసొచ్చాను. ఆయన చాలా సంతోషించారు. కానీ పల్లవి అయ్యేసరికి నన్ను లేపేసి, తాను ఇంకేదో సర్దడానికి ల్యాప్‌టాప్ ముందుకు వెళ్ళిపోయారు. ఆయన ఒక పాట చివరిదాకా వినడం నేను చూడలేదు. పాట గురించి "బాగుంది" అనడమూ వినలేదు. "ఫరవాలేదు, కింద కాస్త ఉబ్బింది" అనేవారు.

ఆంటీ వంటింట్లో ఫోను స్టీలు గ్లాసులో నిలబెట్టి అదే పాటలు వినేవారు. గ్లాసులో పెడితే కాస్త పెద్దగా వినిపిస్తుంది. ఆయన ఆ గుమ్మం దాటలేక చెవులు మూసుకునేవారు.

"ఆ గ్లాసు మోగుతోందే! అది పాటా, గ్లాసా?"

"నాకు బాగుంది. మీరసలు పాట వింటున్నారా, దానికి పరీక్ష పెడుతున్నారా?"

"చెవిని నమ్మకూడదే. ఆకలేస్తే ఒకలా వింటది, నిద్రొస్తే ఒకలా వింటది. ఖరీదైందని చెబితే ఇంకోలా వింటది. మైకుకి ఆకలుండదు."

ఈ వాదన వారానికోసారైనా జరిగేది. ఇద్దరికీ కోపం వచ్చేది కాదు. కానీ ఒకసారి ఆ వాదన ఒక స్నేహాన్ని మింగినంత పని చేసింది.

ఎదురు బ్లాకులో ఒక కరీంనగర్ ఆయన ఉండేవారు. బ్యాంకులో ఉద్యోగం. అంకుల్ కన్నా చిన్నవాడు, పాటలంటే ప్రాణం. ఆదివారాలు ఇద్దరూ కలిసి కూర్చునేవారు. ఒక ఆదివారం ఆయన కొత్త స్పీకరు వైర్లు పట్టుకొచ్చారు. పాము కుబుసంలా అల్లిన తొడుగు, వేలెడు లావు. "అన్నా, ఇగో ఇవి పెట్టినంక పాట ఎట్ల తేటగైందో నువ్వే చూడు" అన్నారు. ఆ మొహంలో పిల్లవాడి సంబరం.

అంకుల్ కాదనలేదు. ఆయన్ని కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చోమన్నారు. నన్ను స్పీకర్ల వెనక నిలబెట్టి, కొన్నిసార్లు వైరు మార్చమని, కొన్నిసార్లు మార్చినట్టు ఊరికే చప్పుడు చెయ్యమని చెప్పారు. ఇప్పుడు ఏ వైరో ఆయన వినే చెప్పాలి. మొదట్లో గట్టి నమ్మకంతో చెప్పారు. తర్వాత తడుముకున్నారు. చివరికి నాణెం ఎగరేసి చెప్పినా అన్నే ఒప్పులు వచ్చేవి. అంకుల్ ఉత్సాహంగా గీతలు తీసి చూపించారు. పాత వైరు గీత, కొత్త వైరు గీత, ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆయన వైర్లు నెమ్మదిగా చుట్టుకున్నారు. "నాకు మంచిగనిపిస్తుండెనన్నా. ఇప్పుడు అనిపిస్తలేదు" అని లేచారు. తర్వాత ఆదివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

"నేను తప్పేం చెప్పలేదే" అన్నారు అంకుల్, ఆ కుర్చీ వంక చూస్తూ.

"తప్పు చెప్పారని ఎవరన్నారు?" అన్నారు ఆంటీ.

ఇదంతా అయిన కొన్నాళ్ళకు, ఒక శనివారం పొద్దున నేను ఇడ్లీ తింటున్నాను. అంకుల్ ఎప్పటిలా వీణ పాట పెట్టి కూర్చున్నారు. వెంటనే లేచారు.

"ఈవిడ ఎటు పోతోంది?"

పాడే గొంతు మధ్యలో లేదట. కుడివైపు స్పీకరులోకి జరిగిపోయిందట. ఎడమది పాడైందనుకుని దాని వెనక వైర్లు ఊడదీసి మళ్ళీ బిగించారు. మైకు పెట్టి కూత పెట్టించారు. గీతలు రెండూ సమానంగా వచ్చాయి. మళ్ళీ పెట్టించారు. మళ్ళీ అంతే. మొదటిసారి ఆయన మైకు మీద విసుక్కోవడం చూశాను. దాన్ని తుడిచారు, కర్ర సరిచేశారు. గీత మారలేదు.

"అమ్మాయ్, నువ్వు కూర్చో. ఎక్కడుంది?"

నేను కూర్చుని విన్నాను. "మధ్యలోనే ఉంది అంకుల్."

ఆయన మళ్ళీ కూర్చున్నారు. తర్వాత లేచి, కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నాకు అదేం పనో అర్థం కాలేదు. ఆయన చెయ్యి నెమ్మదిగా లేచి, ఇందాక బాలేదన్న స్పీకరు వైపే చూపించింది. ఇప్పుడు గొంతు అందులోంచి వస్తోందట.

"కుర్చీ తిప్పితే పాడేవాళ్ళు అటు నుంచి ఇటు రారు కదా" అన్నారు మెల్లగా. "ఎటు తిరిగినా నా కుడిచెవి వైపుకే వస్తోంది. స్పీకరు కాదు. నేనే."

కుడిచెవిలో వేలు గట్టిగా పెట్టుకుని, "ఏదైనా మాట్లాడు" అన్నారు ఆంటీతో. ఆవిడ "ఏం మాట్లాడను?" అన్నారు. ఆయన ఆవిడ పెదాల వంక చూస్తూ ఉండిపోయారు.

ఆంటీ కంగారుగా వంటింట్లోకి వెళ్ళి, నూనె గోరువెచ్చగా చేసి తెచ్చారు. "గులిమి అయ్యుంటుంది, రెండు చుక్కలు వేస్తాను. సాయంత్రానికి తగ్గకపోతే సోమవారం క్లినిక్కుకి వెళ్దాం." నాకూ అదే సబబుగా తోచింది. మనిషి మామూలుగా నడుస్తున్నారు, నొప్పి లేదు, జ్వరం లేదు.

"నిన్న ఇదే కుర్చీలో కూర్చుంటే మధ్యలోనే ఉంది" అన్నారాయన చొక్కా తొడుక్కుంటూ. "తెల్లారేసరికి అంత గులిమి రాదు. ఫ్యాక్టరీల్లో ఎంతమందికి చెప్పానే ఈ మాట, చెవి ఉన్నట్టుండి తగ్గితే ఒక్క పూట కూడా ఆగొద్దని. పద."

ముగ్గురం ఎక్కిన టాక్సీలో ఆయన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆసుపత్రిలో కుర్ర డాక్టరుకు ముందు అదే తెరిచి చూపించారు. ఆమె ఆ గీతల వంక చూసి, "అంకుల్, ఇవి మీ స్పీకర్లవి కదా?" అంది.

"అవును. అవి బాగానే ఉన్నాయని చెప్పడానికి."

ఆమె నవ్వింది. తర్వాత ఆయన కుర్చీ తిప్పిన సంగతి విని నవ్వు ఆపి, వెంటనే వినికిడి పరీక్షకు పంపింది. గట్టి తలుపున్న చిన్న గది అది. లోపలికి వెళ్ళగానే ఆయన చేతులెత్తి చప్పట్లు కొట్టారు. అద్దంలోంచి చూస్తున్నాను. ఆ మొహంలో దిగులు ఒక్క క్షణం తొలగి, మెచ్చుకోలు కనిపించింది. అంత మంచి గది ఆయన జన్మలో చూసి ఉండరు.

పరీక్ష కాగితం మీద కుడిచెవి గీత పైన ఉంది. ఎడమచెవి గీత బాగా కింద పడిపోయి ఉంది. ఎవరూ వివరించాల్సిన అవసరం లేకపోయింది. ఇలాంటివి ఎందరివో చూసిన మనిషి. "తిరిగొస్తుందా?" అని మాత్రం అడిగారు.

"కొంతమందికి మొత్తం వస్తుంది, కొంతమందికి కొంత వస్తుంది. రానివాళ్ళూ ఉన్నారు" అంది డాక్టరు. "కానీ మీరు ఈ రోజే వచ్చారు. చాలామంది నీళ్ళు పోయాయనుకుని వారాలు ఆగి వస్తారు. అప్పుడు మేం చేసేదేమీ ఉండదు."

బయటికొచ్చాక ఆంటీ నా చెయ్యి పట్టుకుని, వదల్లేదు. ఆ నూనె గిన్నె తలుచుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత రోజులు బాగా గడవలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు ఆయనకు నిద్ర లేకుండా చేశాయి. కళ్ళ కింద నలుపు వచ్చింది. ఎడమచెవిలో ఎప్పుడూ ఏదో ఈల మోగుతున్నట్టు ఉండేదట. స్పీకర్ల మీద దుప్పటి కప్పేశారు. బయట కోకిల కూసి కూసి ఊరుకునేది. ఆంటీ కూడా వంటింట్లో ఫోను పెట్టడం మానేశారు.

ఒక మధ్యాహ్నం ఆయనే అడిగారు. "నీ పాటలేవి?"

"మీకు గోల కదా."

"పెట్టుకో."

ఆంటీ ఫోను గ్లాసులో పెట్టారు. వీణ పాటే వచ్చింది. ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని, కుడిచెవి అటు తిప్పి నిలబడ్డారు. గ్లాసు మోగుతోందని అనలేదు. పల్లవి అయింది, చరణాలు అయ్యాయి. ఆంటీ బీరకాయ చెక్కు తీస్తూ ఓరకంట చూస్తున్నారు. నేను నీళ్ళ కోసం వచ్చి, దారి అడ్డం తొలగమని అడగలేక అక్కడే ఆగిపోయాను.

"ఈ పాటకి మూడో చరణం ఉందా?" అన్నారాయన, ఆశ్చర్యంగా.

"మొదటి నుంచీ ఉంది. మీరు రానిస్తేగా?"

ఆయనకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది. "వీణ ఆపేసి ఒట్టి గొంతుతో పాడింది చూశావా అక్కడ" అన్నారు నాతో. తర్వాత కాస్త ఆగి, "బాగుంది" అన్నారు.

ఆ వారంలోనే కరీంనగర్ అంకుల్ వచ్చారు. ఆంటీ ఫోన్ చేశారట. రాగానే, కప్పి ఉన్న స్పీకర్లు చూసి నిలబడిపోయారు.

"ఒక చెవితో ఏం వింటానోయ్ అవి" అన్నారు అంకుల్.

"చిన్నప్పుడు మా ఇంట్ల రేడియోకు ఒక్కటే డబ్బా ఉండె గదన్నా. రెండోది లేదని ఎవడన్న ఏడ్సిండా? ఇంటిల్లిపాది దాని సుట్టే కూసుంటుంటిమి."

అంకుల్‌కు ఆ మాట పట్టినట్టే ఉంది. కాసేపయ్యాక, కాస్త బెరుకుగా అడిగారు. "ఆ వైర్లు ఏం చేశావు?"

"ఏం జేస్త? కొన్ని దినాలు మూలకు పడేసిన. మళ్ళ పెట్టుకున్న. మళ్ళ మంచిగనే వినపడుతున్నయి!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. "వినపడనీ. నేనింక గీత గియ్యను" అన్నారు అంకుల్. కరీంనగర్ అంకుల్ కళ్ళు తుడుచుకున్నారు. అది నవ్వు వల్లేనని నేను గట్టిగా చెప్పలేను.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. ఆంటీ, నేను బయట కూర్చున్నాం. తలుపు తెరుచుకుంది. ఆయన చేతిలో కాగితం ఉంది. మామూలుగా అయితే ఏ గీతనైనా మాకు విప్పి చెప్పే మనిషి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆకలేస్తోంది" అన్నారు.

"ముందు ఏమన్నారో చెప్పండి!" ఆంటీ ఆయన జేబు మీద చెయ్యి వేశారు.

"చాలావరకు వచ్చింది. సన్న శబ్దాలు కొన్ని రాలేదు, అవి రాకపోవచ్చు. మాట వినపడుద్ది, పాట వినపడుద్ది. పద, ఆకలేస్తోంది."

ఆసుపత్రి కింద ఫుడ్‌కోర్టు కిక్కిరిసి ఉంది. పళ్ళేల మోత, కుర్చీల రాపిడి, ఎవరో ఆర్డరు నంబర్లు అరుస్తున్నారు. నేను టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఒక బల్ల చోప్ చేశాను; ఇక్కడ అలా పెడితే ఆ బల్ల మనదైనట్టే. చెవి పోయినప్పటి నుంచి ఆంటీ ఎక్కడికెళ్ళినా ఆయనకు కుడివైపే నడిచేవారు, కుడివైపే కూర్చునేవారు. ఆ రోజూ కుడివైపు కుర్చీ లాక్కోబోయారు. ఆయన ఎడమవైపున్న కుర్చీ మీద తట్టారు. ఆంటీ ఒక్క క్షణం ఆగి, చుట్టూ తిరిగి వచ్చి అక్కడ కూర్చున్నారు. ఆయన వైపు చూడకుండా, ఆ గోలలోనే, మామూలు గొంతుతో ఏదో అన్నారు. నాకు వినిపించలేదు.

"పెరుగన్నం ఇక్కడ దొరకదే. ఇంటికెళ్ళాక తిందాం" అన్నారాయన.

ఇప్పుడు వాళ్ళు ఊరికి ఇంకో వైపునున్న సెంగ్‌కాంగ్‌లో కూతురి బ్లాకు పక్కకు మారిపోయారు. నేనూ వేరే చోట ఉంటున్నాను. ఆయన మళ్ళీ మైకు బయటికి తీశారని, కొత్త హాలు కొలుస్తున్నారని, ఆదివారాలు కరీంనగర్ అంకుల్ రైలెక్కి మరీ వెళ్తున్నారని విన్నాను. వినికిడి పరీక్ష మాత్రం ఆసుపత్రి వాళ్ళకే వదిలేశారట. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం, ఆ రోజు ఫుడ్‌కోర్టు నుంచి ఇంటికి తిరిగొచ్చాక జరిగింది.

ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా స్పీకర్ల మీద దుప్పటి తీసేశారు. వీణ పాట పెట్టి కుర్చీలో కూర్చున్నారు. మేమిద్దరం ఆయన మొహమే చూస్తున్నాం.

"ఎక్కడుంది?" అన్నాను ఉండబట్టలేక.

ఆయన కళ్ళు మూసుకునే జవాబిచ్చారు. "మధ్యలో లేదు. కాస్త కుడికి నిలబడింది." ఆయన కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి, "నిలబడనీ" అన్నారు.

వీణ మొదలైంది. పల్లవి అయింది. ఆయన లేస్తారేమోనని చూశాను. లేవలేదు. మొదటి చరణం సగంలో ఉండగా సన్నగా గురక వినిపించింది. ఆ మాత్రలు మొదలైనప్పటి నుంచి సరిగ్గా కునుకు లేని మనిషి, పట్టపగలు, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతున్నారు.

పాట ఆపుదామని ల్యాప్‌టాప్ వైపు కదిలాను. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. "ఆపితే లేస్తారు" అని గుసగుసగా చెప్పి, ఫ్యాను కాస్త తగ్గించారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళకుండా, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, కుర్చీకి తల ఆనించి, ఆ పెద్ద స్పీకర్లలో పాట మొత్తం విన్నారు.